ఇస్తారి పేరు మీద నంబరు

మహారాష్ట్రలోని చంద్రపూర్‌ను పాతవాళ్ళు ఇప్పటికీ చాందా అనే అంటారు. అందుకే, రెండు వేల ఎనిమిది జూలైలో ఒక ముసురు రోజున ఆఫ్రికా అమ్మాయి ఒకతె గొడుగు ముడుచుకుంటూ దుకాణం మెట్లెక్కి "చందా" అన్నప్పుడు, ఆమె ఊరి పేరేదో అడుగుతోందనుకుంది సరోజ.

"ఊరు కాదు దీదీ, నా పేరే చందా. చందా ములెంగా. జాంబియా నుంచి వచ్చాను." ఢిల్లీలో ఆరు నెలలుండి నేర్చుకున్న హిందీ ఆ అమ్మాయిది. ఇక్కడి కాలేజీలో గనుల ఇంజనీరింగ్ చదవడానికి వచ్చింది.

దుకాణం జట్‌పురా గేటు దగ్గర. సరోజ తండ్రి అప్పలనర్సయ్య ఒకప్పుడు ఇత్తడి సామాన్లు అమ్మేవాడు. ప్రైవేటు ఫోన్ కంపెనీలు ఒకదాని వెనక ఒకటి ఊళ్ళోకి దిగాక, దుకాణంలో సగాన్ని సరోజ ఫోన్లకు తీసుకుంది. ముప్ఫై ఏళ్ళ మనిషి. రీచార్జి, సిమ్ము, చిన్నాచితకా రిపేరు అన్నీ ఆమె చేతి మీదే. తండ్రి మిగతా సగంలో బిందెల మధ్య కూర్చుని, వచ్చిన వాళ్ళకు మంచినీళ్ళిచ్చి కబుర్లు చెప్పేవాడు.

చందా తన ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టింది. అద్దం మీద వేలితో జరిపే రకం. లండన్‌లో ఉన్న అన్న కొనిచ్చాడట. విదేశీ ఫోన్లు సరోజకు కొత్త కాదు. దుబాయి నుంచి వచ్చినవాళ్ళు తెచ్చే ఫోన్లు చాలావరకు ఆ దేశపు కంపెనీ తాళంతో వచ్చేవి. మన సిమ్ము పెడితే ముఖం తిప్పుకునేవి. వాటిని నాగ్‌పూర్ పంపి తాళం తీయించేది. దీనికి ఏ తాళమూ లేదు. సరోజ తన దగ్గరున్న మూడు కంపెనీల సిమ్ములూ పెట్టి చూసింది. మూడింటినీ చక్కగా పట్టుకుంది. ఒకటే లోపం, హిందీలో మెసేజ్ వస్తే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపించేవి.

"ఫోన్ మంచిది. కాగితాలే కష్టం," అంది సరోజ.

పాస్‌పోర్టు, వీసా, పోలీసుల దగ్గర నమోదు, కాలేజీ ఉత్తరం, ఊరివాళ్ళ హామీ. సరోజ ఆ కట్ట పంపితే కంపెనీ ఏజెంటు రెండుసార్లు తిప్పి పంపాడు. ఢిల్లీ సిమ్ము ఇక్కడ రోమింగ్. తల్లి జాంబియాలోని కిత్వే నుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ నాలుగు మాటలకే బ్యాలెన్సు అయిపోయి లైను తెగేది. మూడోసారి వచ్చిన రోజున చందా కౌంటర్ దగ్గరే ఏడ్చింది.

"సోమవారం మా అమ్మకు కడుపు ఆపరేషన్. డాక్టరు ఏమన్నాడో నాకెవరు చెప్తారు దీదీ?"

అప్పుడు సరోజ కింది సొరుగు తెరిచింది. సగంలో ఆగిపోయిన కాగితాలు అందులో ఉండేవి. సిమ్ము కోసం వచ్చి, ఫొటోలూ ఓటరు కార్డు జిరాక్సూ ఇచ్చి, మళ్ళీ రానివాళ్ళవి. పైనున్న కట్ట తీసింది. పేరు ఇస్తారి. ఊరు రాజురా అవతల ఎర్రగూడ. పాత ఫారం మీద అతని సంతకం తెలుగులో ఉంది. సరోజ చదివింది మరాఠీ బడిలో. తెలుగు మాట్లాడ్డమే గాని అక్షరాలు రావు. ఆ సంతకాన్ని చూస్తూ, ముగ్గు దించినట్టు ఒంపులన్నీ కొత్త ఫారం మీద దించింది. ఊళ్ళో దుకాణాలన్నీ ఆ పని చేస్తూనే ఉన్నాయి. పాపం, పరాయి దేశపు పిల్ల అనుకుంది. సాయంత్రానికి నంబరు మోగింది. చందా ఆమెను వాటేసుకుంది. తల్లి ఆపరేషన్ బాగానే జరిగింది. సరోజ ఆ సంగతి మరిచిపోయింది.

ఆగస్టు చివరలో చందా మళ్ళీ వచ్చింది. కళ్ళ కింద నల్లబడింది.

"దీదీ, ఇస్తారి అంటే ఏమిటి?"

సరోజ చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. "ఎక్కడ విన్నావ్ ఆ మాట?"

"పది రోజులుగా, రోజూ మధ్యాహ్నం రెండున్నరకి ఫోన్ వస్తోంది. నంబరు పడదు. ఒక ముసలావిడ. 'ఇస్తారీ, ఇస్తారీ' అంటుంది. తర్వాత ఏదో మీ భాషలో మాట్లాడుతుంది. మొదట్లో హలో హలో అన్నాను. ఇప్పుడు ఏమీ అనను, వింటాను అంతే. ఆవిడ మధ్యమధ్యలో ఆగుతుంది దీదీ. ఎవరో జవాబిస్తుంటే విన్నట్టు. ఒక్కోసారి నవ్వుతుంది. నాకేమో అవతల గాలి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు."

అది కొత్త నంబరు. అంతకుముందు ఎవరిదీ కాదు. ఆ నంబరుకూ ఆ పేరుకూ ఉన్న సంబంధం ఒక్క ఫారం మీదే ఉంది. ఆ ఫారం సంగతి ఆమె తండ్రికి కూడా చెప్పలేదు.

"సిమ్ము ఇటివ్వు. చూస్తాను," అంది.

ఆ సిమ్మును తన ఫోన్‌లో వేసి రెండు రోజులు ఉంచుకుంది. రెండున్నరకి ఫోన్ మోగలేదు. ఆ రెండు రోజులూ చందా ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ము వేసింది. అదీ మోగలేదు. మూడో రోజు చందాను మధ్యాహ్నం దుకాణానికి రమ్మని, ఆ సిమ్మును మళ్ళీ ఆ ఫోన్‌లోనే పెట్టింది. బయట ఎండ కాస్తోంది. ఆటోలు హారన్ కొడుతున్నాయి. అప్పలనర్సయ్య ఎవరికో బిందె తూకం వేస్తున్నాడు. రెండున్నరకి ఫోన్ కౌంటర్ గాజు మీద గిరగిరా తిరుగుతూ మోగింది.

సరోజ చెవి దగ్గర పెట్టుకుంది.

"ఇస్తారీ..." ముసలి గొంతు, పక్కనే కూర్చుని పిలిచినంత దగ్గరగా. "ఇస్తారీ, ఏమన్న తిన్నవా బిడ్డా?"

తర్వాత మౌనం. అందులో సన్నగా ఇసుక జారుతున్నట్టు చప్పుడు. ఆ తర్వాత అదే గొంతు, దేనికో ఒప్పుకున్నట్టు, "ఊఁ... ఊఁ... గట్లనా?" అంది.

సరోజ ఫోన్ కట్ చేసి కౌంటర్ మీద పడేసింది. తండ్రి లేచి వచ్చాడు.

"ఏందే బిడ్డా, మొఖం గట్లయింది?"

ఆమె సొరుగులోంచి ఇస్తారి కార్డు జిరాక్సు తీసి జరిగింది చెప్పింది. అప్పలనర్సయ్య కళ్ళద్దాలు పెట్టుకుని ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. ముప్ఫై దాటని మనిషి, మెడలో గళ్ళ తువ్వాల.

"మనిషి పేరంటే ఉత్త కాగితమనుకున్నవా? పో. ఆ ఇంటికి పో. కాగితాలు వాళ్ళ చేతుల పెట్టి, తప్పయిందని చెప్పిరా," అన్నాడు.

మర్నాడు పన్నెండింటికి సరోజ, చందా రాజురా బస్సెక్కారు. వార్ధా వంతెన దాటుతుండగా సరోజ సిమ్ము సంగతంతా చెప్పేసింది. కింద నది ఎర్రగా నిండుగా పారుతోంది. చందా కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది.

"అది నా పేరు మీద లేదా?"

"లేదు."

"పోలీసులకు తెలిస్తే నా వీసా ఏమవుతుంది? మా అమ్మ ఉన్న పొలం అమ్మి నన్ను విమానం ఎక్కించింది. నేను నిన్ను సిమ్ము అడిగాను దీదీ. దొంగతనం చెయ్యమనలేదు."

రాజురాలో దిగాక చందా వెనక్కి వెళ్ళిపోతుందనుకుంది సరోజ. కానీ ఆ అమ్మాయే ముందు నడిచి ఆటోను ఆపింది.

ఎర్రగూడ దారిలో పత్తి చేల వెనక బొగ్గు గనుల మట్టి దిబ్బలు కొండల్లా లేచి ఉన్నాయి. ఊరు దగ్గరపడే కొద్దీ సరోజ ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటీ తగ్గి, పూర్తిగా పోయాయి. చందా ఫోన్‌లోనూ అంతే.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. పేరు చెప్పగానే ఆటో డ్రైవర్ వెనక్కి తిరిగి ఒకసారి వాళ్ళను చూసి, ఒక పెంకుటింటి ముందు ఆపాడు. అరుగు మీద పాతికేళ్ళ స్త్రీ పెసరకాయలు ఒలుస్తోంది. ఇస్తారి భార్య తిరుపతమ్మ. గడపలోపల, గోడకు ఆనుకుని బక్కచిక్కిన ముసలామె కూర్చుని ఉంది.

సరోజ జిరాక్సు చూపించింది. తిరుపతమ్మ ఫొటోను చూసి, చేతులు చీరకు తుడుచుకుని అందుకుంది.

"గిది నీకెక్కడిది అక్కా?"

"మూడేండ్ల కింద సిమ్ము కోసం వచ్చి మా దుకాణంల ఇడిసిపెట్టిండు. ఆయన ఏడున్నడు?"

"గదే తెలుస్తలేదు." తిరుపతమ్మ మళ్ళీ పెసరకాయల ముందు కూర్చుంది. "రెండేండ్లాయె. కాంట్రాక్టు పట్టిన ఠేకేదారు తవ్వే గనిల పని. వానలు బాగ పడుతున్న రోజు, పొద్దుగాల సద్ది పట్టుకుని పోయిండు. మల్ల రాలే. ఆ దినమే అక్కడ మట్టి దిబ్బ జారిందట. ఆయన ఆ దినం పనికే రాలేదన్నడు ఠేకేదారు. హాజరీల పేరు లేదు. నేను ఠాణాకు తిరిగి తిరిగి, ఆఖరుకు కేసు రాసుకున్నరు. అంతల మొన్న పదిహేనో తారీకు దాటినంక ఠాణాకెల్లి జమాదార్ అచ్చి, 'నీ మొగుడు సచ్చిండంటివి, జూలైల చాందాల సిమ్ము తీసుకున్నడు గద, సంతకం సుత పెట్టిండు, ఎవతెతోనో ఉన్నడు,' అని నవ్విండు. కేసు బందు చేసిన్రు. ఆ నంబరు నా చేతుల పెట్టి పోయిండు."

సరోజ అరుగు అంచున కూర్చుంది. "ఆ నంబరుకు ఫోన్ చేసినవా?"

"ఒకసారి రాజురాల రూపాయి డబ్బా ఫోనుకెల్లి చేసిన. ఎవతో ఆడిది, మనది కాని భాషల మాట్లాడింది. పెట్టేసిన. మల్ల చెయ్యలే."

"మీ అత్త చేస్తదా?"

తిరుపతమ్మ వింతగా చూసింది. "మా ఇంట్ల ఫోనేడిది? ఉన్నా మా అత్త గంగవ్వ ఏం మాట్లాడతది? కొడుకు పోయిన నెలకు ఆమెకు నోరు పడిపోయింది. రెండేండ్లసంది ఒక్క మాట లేదు. జమాదార్ అచ్చి నంబరు సదివిన దినం మటుకు, అది విని నవ్వింది. అప్పటిసంది రోజూ గీ ఏలకు లేసి గోడకు కూసుంటది."

సరోజ గడపలోంచి లోపలికి చూసింది. గంగవ్వ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎడమ చెయ్యి ఒళ్ళో పడి ఉంది. కుడి అరచేతిని మెల్లగా ఎత్తి చెవికి ఆనించుకుంది.

చందా సరోజ మోచెయ్యి పట్టుకుంది. "దీదీ, టైమెంత?" రెండున్నర.

అప్పుడే దూరాన గనిలో బ్లాస్టింగ్ జరిగింది. నేల ఒక్కసారి అదిరింది. ఉట్టి మీది గిన్నెలు గలగలలాడాయి, పెంకుల సందుల్లోంచి దుమ్ము రాలింది. ఆ అదురు ఇంకా ఆగకముందే, సిగ్నల్ లేని చందా ఫోన్ మోగింది.

చందా ఎత్తబోయి స్పీకర్ నొక్కింది.

"ఇస్తారీ..."

పెసరకాయల చాట తిరుపతమ్మ ఒళ్ళోంచి జారి పడింది. "అత్త! అది మా అత్త గొంతు!" అంటూ గుమ్మంలోకి పరుగెత్తి, అక్కడే నిలబడిపోయింది. లోపల గంగవ్వ పెదాలు మూసుకునే ఉన్నాయి. గొంతు దగ్గర చర్మం మాత్రం కదులుతోంది.

"ఇయ్యాల పలుకుతలేవేంది బిడ్డా? ఎవలో అచ్చిండ్రా?" అంది ఫోన్‌లో గొంతు.

ఎవరో ఒకరు మాట్లాడాలి. 'ఆఁ అవ్వా, బాగున్న' అంటే చాలు, ముసలామె ఇంకో రోజు నవ్వుతుంది. సరోజకు ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. తిరుపతమ్మ ముఖం చూసి మింగేసింది. గడప దాటి వెళ్ళి గంగవ్వ ఎదురుగా కింద కూర్చుంది.

"అవ్వా, నేను సరోజను. చాందాల ఫోన్ల దుకాణం నాది. ఆ నంబరు నీ కొడుకు తీసుకోలే. గీ పిల్లకు సిమ్ము దొరకక, నీ కొడుకు కాగితం నేనే పెట్టిన. సంతకం నేనే గీసిన. తప్పయింది. నీ కొడుకు ఏడున్నడో నాకు తెల్వదు అవ్వా."

గంగవ్వ కళ్ళు సరోజ ముఖం మీదే ఉన్నాయి. తర్వాత ఫోన్‌లో గొంతు మెల్లగా అడిగింది.

"మరి రోజూ నాతోని మాట్లాడేటోడు ఎవడు?"

సరోజ ఇంకాస్త దగ్గరికి జరిగింది. "ఏమంటడు అవ్వా?"

"తొవ్వ కింద ఉన్ననంటడు. లారీలు మీదికెల్లే పోతున్నయంటడు. నోట్ల మన్నున్నదంటడు. తిరుపతమ్మ రొట్టెల ఉల్లాకు కూర పెట్టింది, తిననేలే అంటడు."

గుమ్మం దగ్గర తిరుపతమ్మ కుప్పకూలింది. "ఉల్లాకు కూర... నేనెవ్వలకు చెప్పలే. ఎవ్వలకూ చెప్పలే..."

ఫోన్ దానంతటదే ఆగిపోయింది. గంగవ్వ చెయ్యి చెవి మీంచి జారి ఒళ్ళో పడింది. ముసలామె కళ్ళలోంచి నీళ్ళు కారాయి. నోట్లోంచి మాత్రం చిన్న మూలుగు కూడా రాలేదు.

చందాకు తెలుగు రాదు. సరోజ ఒక్కొక్క ముక్కా హిందీలో చెబుతుంటే, ఆ అమ్మాయి లేచి వాకిట్లోకి వెళ్ళి దిబ్బల వైపు చూస్తూ నిలబడింది. "మా కిత్వేలో గని సైరన్ వేళ కాని వేళ మోగితే అమ్మలందరూ గుమ్మాల్లోకి వస్తారు. ఎవరూ మాట్లాడరు," అంది. తర్వాత తిరుపతమ్మ వైపు తిరిగి, దిబ్బ ఏ పక్క జారిందో, లారీల బాట అప్పుడెక్కడుందో, ఇప్పుడెక్కడుందో సరోజ చేత అడిగించి నోటుపుస్తకంలో గీసుకుంది.

ఆ సాయంత్రం సరోజ ఇంటికి పోలేదు. తిరుపతమ్మను వెంటబెట్టుకుని ఠాణాకు వెళ్ళి, ఇస్తారి సంతకం తానే గీశానని మరాఠీలో రెండు పేజీలు రాసిచ్చింది. జమాదార్ ముందు నమ్మలేదు. తెల్ల కాగితమిచ్చి మళ్ళీ గీయమన్నాడు. ఆమె గీసింది. దాన్నీ ఫైల్లోని సిమ్ము ఫారాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుని అతను కుర్చీలో వెనక్కి వాలాడు.

ఫోన్ల గురించి కూడా చెప్పింది. వారం తర్వాత కంపెనీ నుంచి ఆ నంబరు లెక్క తెప్పించారు. జాంబియా నుంచి వచ్చిన ఫోన్లన్నీ, నిమిషాలతో సహా అందులో ఉన్నాయి. తిరుపతమ్మ రాజురా నుంచి చేసిన ఒక్క ఫోనూ ఉంది. రెండున్నరకి వచ్చిన ఫోన్ ఏ రోజుకూ లేదు. జమాదార్ ఆ కాగితాన్ని రెండుసార్లు తిరగేసి ఫైల్లో పెట్టి, ఇంకేమీ అడగలేదు.

సరోజ మీద కేసు అయింది. ఫోన్ కంపెనీలన్నీ ఏజెన్సీ వెనక్కి తీసుకున్నాయి. ఊరి బజారులో అందరూ చేసే పనే చేసిందని ఆమె తరఫున ఒక్క దుకాణం వాడూ నోరు తెరవలేదు. చందాను రెండుసార్లు ఠాణాకు పిలిచారు. ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చి హామీ ఇచ్చాక వదిలేశారు. మూడు వారాల తర్వాత తన పేరు మీద, తన పాస్‌పోర్టు మీద ఆమెకు సిమ్ము దొరికింది. అది మధ్యాహ్నం పూట ఎప్పుడూ అలా మోగలేదు.

ఆగిపోయిన కేసు మళ్ళీ తెరిచారు. చందా తన నోటుపుస్తకంలోని బొమ్మను ప్రొఫెసర్‌కు చూపించింది. జారిన మట్టిని ఎత్తకుండా, దాన్నే చదును చేసి లారీల బాట వేశారని ఆ బొమ్మలో తేలిపోతోంది. ఆయన గనుల శాఖ అధికారులకు రాశాడు. నవంబరులో తనిఖీ వచ్చింది. డిసెంబరులో తవ్వించారు. నాలుగో రోజు, బాటకు ఇరవై అడుగుల కింద ఇస్తారి దొరికాడు. పక్కనే సద్ది డబ్బా, మూత తీయకుండా. ఠేకేదారును చంద్రపూర్‌లోనే పట్టుకున్నారు.

ఇస్తారి దినం నాడు సరోజ, చందా, అప్పలనర్సయ్య ముగ్గురూ ఎర్రగూడ వెళ్ళారు. కొడుకు దొరికాక గంగవ్వ ఎక్కువ రోజులు ఆగలేదు. అతన్ని మట్టి చేసిన మూడో రాత్రే, నిద్రలోనే పోయింది. ఇద్దరి ఫొటోల ముందూ ఒకే దీపం పెట్టారు. భోజనాలయ్యాక తిరుపతమ్మ వాళ్ళను రోడ్డు దాకా సాగనంపింది. చందాను దగ్గరికి తీసుకుని తల నిమిరింది. అప్పలనర్సయ్యకు దండం పెట్టింది. సరోజ దగ్గరికొచ్చి ఆగింది.

"నువ్వు ఆ సంతకం గీయకుంటే ఆయన దొరకకపోతుండె అక్కా. అది నాకు తెలుసు. నువ్వు గీసినందుకే ఊరంత నన్ను చూసి నవ్వింది. అదీ తెలుసు. నీ మీద కోపం లేదు. గానీ నిన్ను చూస్తే నాకు ఆ ఫోన్ల గొంతే వినపడ్తది. మల్ల రాకు."

సరోజ తల ఊపింది. ఆటో కదిలింది. ముగ్గురూ సర్దుకుని కూర్చున్నారు. రాజురా వచ్చేదాకా అప్పలనర్సయ్య కూతురి చెయ్యి వదల్లేదు.